క్లిప్పులు తీసేశాక పళ్లు మళ్లీ కదిలాయా? ముందు ఆ రబ్బరు బ్యాండు తీసేయండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం, నా వయసు 27. డిగ్రీ చదివేటప్పుడు ఎత్తుపళ్లకి క్లిప్పులు పెట్టించుకున్నా, నాలుగు పళ్లు తీసి సెట్ చేశారు, చాలా బాగా వచ్చాయి. తర్వాత పళ్లు మళ్లీ కదలకుండా ఇచ్చిన రిటైనర్ ఒక ఏడాది వాడి మానేశా. ఇప్పుడు కింద ముందుపళ్లు మళ్లీ ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి, పైన మధ్యలో సందు పడుతోంది. జ్ఞానదంతాలు తోస్తున్నాయంటున్నారు, అవి తీయించేస్తే సరిపోతుందా? సందు కోసం వీడియోలో చూసి రాత్రిపూట చిన్న రబ్బరు బ్యాండు వేసుకుంటున్నా, కొంచెం దగ్గరికొచ్చింది. బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, అది మామూలే. మా నాన్నకి షుగర్ ఉంది, నాకేం లేదు. మూడు నెలల్లో పెళ్లి. ఆన్‌లైన్‌లో పళ్లకి తొడుక్కునే ప్లాస్టిక్ అలైనర్లు తెప్పించుకోవచ్చా? పళ్లు తెల్లగా చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా (దంత వైద్యులు, కర్నూలు):

చూడమ్మా, మీరు అడిగింది జ్ఞానదంతాల గురించి, అలైనర్ల గురించి. నాకు గుబులు పుట్టించింది మాత్రం మధ్యలో ఒక్కో లైనులో రాసి వదిలేసిన రెండు మాటలు. ఒకటి రబ్బరు బ్యాండు, రెండోది రక్తం వస్తుంటే "అది మామూలే" అనడం. బయట పేషెంట్లు కూర్చొని ఉన్నారు, సూటిగా చెప్తా. ఆ బ్యాండు ఇంక వేసుకోవద్దు, ఇప్పుడు నోట్లో ఉంటే అద్దం ముందుకి పోయి తీసేసి వచ్చి మిగతాది చదవండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పన్ను పైన వెడల్పుగా ఉంటుంది, చిగురు లోపలికి పోయేకొద్దీ వేరు సన్నబడుతుంది. రెండు పళ్లకి కలిపి వేసిన రబ్బరు ఆ వెడల్పు మీద నిలబడదు, సన్నగా ఉన్నవైపుకి జారుతుంది, అంటే చిగురు కిందికి. ఒకసారి లోపలికి పోయిందంటే వేరు వెంబడే ఇంకా ఇంకా పైకి ఎక్కుతూ చుట్టూ ఉన్న ఎముకని కరిగించేస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు, చిగురు కొంచెం ఉబ్బుతుంది, పళ్లు కదులుతాయి, చీము పడుతుంది. మామూలు ఎక్స్‌రేలో రబ్బరు సరిగా కనపడదు కాబట్టి మీరు నోరు తెరిచి చెప్పకపోతే డాక్టరుకి కూడా వెంటనే తట్టకపోవచ్చు. ఇట్లా నిక్షేపంగా ఉన్న రెండు ముందుపళ్లు పోగొట్టుకున్న కేసులు మా పుస్తకాల్లోనే ఉన్నాయి. మీరేమో దగ్గరికొచ్చిందని సంతోషపడుతున్నారు! పళ్లని దగ్గరికి లాగడం పెద్ద విద్యేం కాదు, వేరు, ఎముక పాడు కాకుండా లాగడమే విద్య. మేమూ రబ్బర్లు వాడతాం, కాకపోతే అతికించిన బ్రాకెట్ల కొక్కేలకి తగిలిస్తాం, అక్కడినుంచి జారదు.

ఒకవేళ రాత్రి వేసుకున్న బ్యాండు పొద్దున కనపడకుండా పోయిన సందర్భం ఒక్కటైనా ఉంటే, "మింగేసుంటాలే" అనుకోవద్దు. అదే రోజు డెంటిస్ట్ దగ్గరికి పోవాలి, సూదితోనో పిన్నీసుతోనో మీరే గెలకొద్దు. ఆ మాట అక్కడ దాచకుండా చెప్పండి, తిడతారని సిగ్గుపడితే నష్టం మీకే.

ఇంక రక్తం సంగతి. బ్రష్ చేస్తే రక్తం రావడం మామూలు కాదమ్మా, చాలామందికి వస్తుంది కాబట్టి మామూలనిపిస్తుంది అంతే. పైపళ్ల మధ్య పెద్దయ్యాక కొత్తగా సందు పడుతుంటే, దాంతోపాటు చిగుళ్లలో రక్తం కూడా ఉంటే, నేను మొదట అనుమానపడేది రిటైనర్ మానేయడాన్ని కాదు, చిగుళ్ల జబ్బుని. లోపల ఎముక తగ్గితే పన్నుకి పట్టు తగ్గి నాలుక, పెదవి తోసినవైపుకి జరుగుతుంది. ఇది మీకు ఉందో లేదో నోరు చూడకుండా నేను చెప్పలేను, రిటైనర్ లేకపోవడం వల్లే జరిగి ఉండొచ్చు కూడా, కానీ తేల్చుకోకుండా మళ్లీ పళ్లు కదిపే పని పెట్టుకోకూడదు. చిగురు వాపు ఉండగా క్లిప్పులైనా అలైనర్లైనా వేస్తే ఉన్న ఎముక ఇంకా వేగంగా పోతుంది. కొలత పుల్లతో చిగుళ్ల లోతు చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, పెద్ద పరీక్షలేం కాదు. నాన్నకి షుగర్ ఉందంటున్నారు, మీకు లేదని ఎట్లా తెలుసు, టెస్ట్ చేయించారా? హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) ఒకసారి చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ కూడా సరిగా అదుపుకి రాదు.

ఈలోగా మెడికల్ షాపులో "చిగుళ్లకి ఏమన్నా ఇయ్యన్నా" అని అడిగి మూడు రోజుల యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు, గార పోకుండా మాత్రలతో రక్తం ఆగదు, ఆగినా నాలుగు రోజులే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులొస్తాయి అని మన సీమలో ఇంకా గట్టిగా నమ్ముతారు. గార తీసేశాక కనపడే సందు అంతకుముందే జబ్బు చేసిన సందు, గార దాన్ని పూడ్చి దాచిపెట్టింది, అంతే.

ఇప్పుడు పళ్లు ఎందుకు కదిలాయో చెప్తా. క్లిప్పులు తీసిన రోజు పన్ను కొత్తచోట ఉంటుంది గానీ దాన్ని పట్టుకునే నారలు ఇంకా పాత లెక్కలోనే ఉంటాయి. వేరు చుట్టూ ఉండేవి సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, చిగురులో ఉండే సాగే నారలకి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, మెలితిరిగిన పన్నుని తిప్పి సెట్ చేసి ఉంటే అవి పాతవైపుకి లాగుతూనే ఉంటాయి. గుంజ పాతినాక చుట్టూ మట్టి గట్టిపడేదాకా దానికి ఎద్దుని కట్టం కదా, రిటైనర్ పని ఆ ఆగడమే. మీరు ఏడాది వాడారు, అది కొంచెం నయమే, నెలకే అటక మీద పారేసేవాళ్లని రోజూ చూస్తుంటా.

అయితే ఏడాదితో ఎందుకు సరిపోలేదంటే, కింద ముందుపళ్లు అసలు క్లిప్పులు పెట్టనివాళ్లకి కూడా వయసుతోపాటు ఇరుకవుతూనే ఉంటాయి, దవడలో చోటు మెల్లగా తగ్గుతుంది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో లిటిల్ అనే ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టరు), ఆయన తోటివాళ్లు మీలాగే నాలుగు పళ్లు తీసి సెట్ చేసిన 65 మందిని రిటైనర్ మానేసిన కనీసం పదేళ్ల తర్వాత చూశారు, 1981లో రాశారు. దాదాపు మూడింట రెండొంతుల మందికి కింద పళ్ల వరస చెప్పుకోదగ్గట్టు లేదు. వైద్యం చేసింది చేతకానివాళ్లు కాదు. అప్పట్నుంచే మాలో చాలామంది రిటైనర్‌కి గడువు చెప్పడం మానేశాం, మొదట్లో రోజంతా, తర్వాత రాత్రిళ్లు, వరస అట్లాగే ఉండాలనుకున్నన్నాళ్లూ రాత్రిళ్లు. కొంతమంది డాక్టర్లు ఈ మాట క్లిప్పులు తీసే రోజు హడావుడిలో చెప్పి వదిలేస్తారు, పేషెంటు ఆ సంతోషంలో వినడు, తప్పు ఇద్దరిదీ.

జ్ఞానదంతాలు తోయడం వల్లే ముందుపళ్లు ఇరుకవుతాయన్నది పాత నమ్మకం. జ్ఞానదంతాలు అసలు రానివాళ్లకి, తీయించుకున్నవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది. అవి పుచ్చినా, అడ్డంగా ఇరుక్కొని వాచినా, పక్క పన్నుని పాడుచేస్తున్నా తీయించుకోండి, దవడంతా కనపడే ఓపీజీ ఎక్స్‌రే చూసి చెప్తారు. ముందుపళ్లు వరసగా నిలబడతాయని మాత్రం తీయించుకోవద్దు.

పాత రిటైనర్ ఉందా? మీరు రాయలేదు. ఉంటే పారేయొద్దు, అట్లాగని బలవంతంగా నొక్కి పెట్టుకోవద్దు కూడా, ఇన్నేళ్ల తర్వాత అది పట్టకపోవడమే సహజం. వేడినీళ్లలో వేసి మెత్తబడితే పడుతుందేమో అని ప్రయత్నిస్తారు కొందరు, ఆ ప్లాస్టిక్కు వంకర తిరిగిందంటే ఇంక ఎందుకూ పనికిరాదు. దాన్నీ, అప్పటి ఫైలూ, ఎక్స్‌రేలూ, పళ్ల అచ్చులూ దొరికితే అవీ తీసుకొని ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి పోండి. అప్పట్లో క్లిప్పులు వేసినాయన దగ్గరికే పోతే ఇంకా మంచిది. ఖర్చు ఇబ్బందైతే కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అనంతపురం నుంచి పెద్ద దూరమేం కాదు.

చిగుళ్లు బాగున్నాయని తేలితే కింద పళ్లకి తక్కువకాలం క్లిప్పులో అలైనర్లో వేసి, మళ్లీ కదలకుండా లోపలివైపు సన్న వైరు అతికించే పద్ధతి ఉంది. ఆ వైరు కూడా వేసి మర్చిపోయేది కాదు, పప్పుచెక్క, చెరకు, నిప్పట్లు ముందుపళ్లతో కొరికితే ఒకవైపు ఊడుతుంది, ఊడిందని తెలియదు, ఆ ఒక్క పన్ను మెల్లగా పక్కకి పోతుంది. మీ అనంతపురం వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటే అతికించిన సిమెంటు అంత గట్టిగా పట్టకపోవచ్చు, ఆ సంగతి ముందే అడగండి. వైరు కింద గార తొందరగా చేరుతుంది కాబట్టి ఆరునెలలకోసారి క్లీనింగ్ తప్పదు.

ఆన్‌లైన్ అలైనర్లు వద్దు. ఇంటికి డబ్బా పంపి అచ్చు తీసుకోమంటారు, చిగుళ్లు చూసేదెవరు, ఎముక చూసేదెవరు? మీ కేసులో ముందు చూడాల్సింది సరిగ్గా అదే.

పెళ్లికి మూడు నెలలే ఉంది కాబట్టి ఆలోపు వరసంతా సెట్ అవుతుందని ఎవరైనా చూడకుండానే హామీ ఇస్తే నమ్మకండి. ఈ మూడు నెలల్లో చిగుళ్లు బాగుపడటం మాత్రం చాలావరకు అయ్యే పనే, ఈ వారమే మొదలుపెడితే. తెల్లగా చేయించుకునే సంగతి రక్తం ఆగాక చూద్దాం, చిగుళ్లు వాచి ఉండగా ఆ మందు పెడితే మండుతుంది. రక్తం వస్తోందని బ్రష్ చేయడం తగ్గించొద్దు, మెత్తటి బ్రష్‌తో రెండుపూటలా చేయండి.