బైపీసీ పిల్ల లా అంటే భయపడకండి, ఆమె అడిగిన ప్రశ్న చిన్నది కాదు

జనగామ నుంచి ఒక నాన్న రాసిండు. బిడ్డ ఇంటర్ సెకండియర్ బైపీసీ, హన్మకొండల హాస్టల్ల ఉండి నీట్‌కి చదువుతున్నది. ఎవరో గర్భిణిని కొడితే తల్లి బతికి కడుపుల బిడ్డ చనిపోయిన వార్త పేపర్ల చదివి "అది మర్డర్ కేస్ ఎందుకు కాలేదు నాన్నా" అని పట్టుకున్నదట, ఇప్పుడు నీట్ వద్దు లా చదువుత అంటున్నదట. "రెండేండ్ల ఫీజు కట్టిన సార్, లాయర్లు గల్లీకొకరు ఉన్నరు, ఇది ఆవేశమా నిజం ఇష్టమా ఎట్ల తెలుస్తది" అని అడిగిండు.

అన్నా, ముందు మీ బిడ్డ ప్రశ్నకే జవాబు చెప్త, అది విన్నంక ఆమె మొఖం చూడండి, మీకే సగం తెలిసిపోతది.

2024 జులై 1 నుంచి ఐపీసీ, అంటే నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం, పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, దాంట్ల సెక్షన్ 100 కింద మూడో వివరణ ఉంటది. కడుపుల ఉన్న బిడ్డ చావుకు కారణమైతే అది నరహత్య కాదు, కానీ ప్రాణంతో ఉన్న బిడ్డ శరీరంల ఏ భాగమైనా బయటికి వచ్చినంక చంపితే అది నరహత్య కావచ్చు, బిడ్డ ఇంక ఊపిరి తీసుకోకపోయినా, కాన్పు పూర్తి కాకపోయినా సరే. అంటే క్రిమినల్ లా దృష్టిల మనిషి బతుకు మొదలయ్యే గీత అక్కడ ఉన్నది. 1860 ఐపీసీల కూడా ఇదే మాట, 299 సెక్షన్ల. అట్లని లోపల ఉన్న బిడ్డకు ఏ రక్షణా లేదని కాదు. తల్లి ఇష్టం లేకుండ గర్భం పోగొడితే సెక్షన్ 89, యావజ్జీవం దాకా పడొచ్చు. తల్లి చనిపోతే నేరపూరిత నరహత్య అయ్యేటటువంటి పని చేసి, కడుపుల కదలిక వచ్చిన బిడ్డ చావుకు కారణమైతే సెక్షన్ 92, పదేండ్ల దాకా. పాప చదివిన కేస్‌ల మర్డర్ సెక్షన్ 103 పడకపోయేది అందుకే. ఇది న్యాయమా కాదా అని ఆమెకు ఇంక కోపం వస్తే రానీయండి, కోర్టులల్ల పెద్ద పెద్దోళ్లు కూడా దీని మీద వాదించుకుంటరు.

బతుకు ముగిసే గీత ఎక్కడుందో చెప్పడం ఇంకా కష్టం. న్యాయ సంహితల చావు అంటే మనిషి చావు అని రాసిండ్రు, ఏ క్షణంల చనిపోయినట్టు అనేది చెప్పలే. బ్రెయిన్ స్టెమ్ డెత్, అంటే మెదడు కాండం పనిచేయడం పూర్తిగా ఆగిపోవుడు, అనే మాట 1994 అవయవ మార్పిడి చట్టంల ఉంటది, నలుగురు డాక్టర్ల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతోని రెండుసార్లు పరీక్షలు చేసి సర్టిఫై చేస్తది. ఇగ ఒకడు తల మీద కొట్టిండు, పేషెంట్ బ్రెయిన్ డెడ్ అయిండు, ఇంటోళ్లు అవయవదానం చేసిండ్రు అనుకోండి. ముద్దాయి లాయర్ లేచి "వెంటిలేటర్ తీసింది డాక్టర్లు కదా, గుండె ఆగింది అప్పుడే కదా" అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఏం చెప్పాలె? ఆ జవాబుకు మెదడు ఎట్ల పనిచేస్తదో తెలియాలె, చట్టం కూడా తెలియాలె. బైపీసీ చదివిన పిల్లకు ఇక్కడ సగం పని ముందే అయిపోయింది, మీరు కట్టిన ఫీజు గంగల పోలేదన్నా.

దారులు రెండు కనిపిస్తున్నయి నాకు. గాయం ఏంది, చావు ఎట్ల వచ్చింది అని వెతకడం ఇష్టమైతే నీట్ వదలొద్దు, ఎంబీబీఎస్ అయినంక మూడేండ్ల ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ ఉన్నది, పోస్ట్‌మార్టం రిపోర్ట్ రాసేది, కోర్టుల సాక్ష్యం చెప్పేది వాళ్ల పని. ఎవరికి ఎంత శిక్ష, ఎందుకు అని వాదించడం ఇష్టమైతే ఐదేండ్ల లా. ఇంటర్‌ల ఏ గ్రూప్ అయినా లాసెట్, అంటే మన రాష్ట్ర లా ఎంట్రెన్స్, రాయొచ్చు, తెలుగుల కూడా ఉంటది పేపర్, కాకతీయ యూనివర్సిటీ లా కాలేజ్ మన హన్మకొండలనే ఉన్నది. హైదరాబాద్ల ఉన్న నల్సార్ లా యూనివర్సిటీ కావాలంటే దేశమంతటికి పెట్టే క్లాట్ ఎంట్రెన్స్ రాయాలె, అది ఇంగ్లీష్‌లనే, చదివే స్పీడ్ బాగుండాలె.

పైసల సంగతి దాచను. జూనియర్ లాయర్‌గా మొదటి రెండు మూడేండ్లు ఇంటి నుంచే సపోర్ట్ కావాల్సి వస్తది చాలామందికి. జడ్జ్ పరీక్ష డిగ్రీ కాంగనే రాద్దామంటే ఇప్పుడు కాదు, 2025 మేల సుప్రీంకోర్టు మూడేండ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి చేసింది. కాబట్టి ఐదేండ్ల చదువు, మూడేండ్ల ప్రాక్టీస్, మొత్తం ఎనిమిదేండ్లు లెక్కేసుకోండి, ఎంబీబీఎస్ ప్లస్ పీజీకి కూడా దాదాపు అంతే అయితది లెండి.

ఈ సంవత్సరం నీట్ రాయనీయండి, లాసెట్ కూడా రాయనీయండి, ఒకటి రాస్తే రెండోది ఆగదు. ఈలోపు ఒకరోజు హన్మకొండ కోర్టుకు తీస్కపోండి, మర్డర్ కేస్‌ల డాక్టర్ క్రాస్ ఎగ్జామినేషన్ ఉన్న రోజు అయితే ఇంకా మంచిది, మామూలుగా ఎవరైనా వెనుక కూర్చొని చూడొచ్చు. బయటికి వచ్చినంక డాక్టర్ మాటల గురించి మాట్లాడుతున్నదా, లాయర్ అడిగిన ప్రశ్నల గురించా, అది గమనించి నాకు మళ్లీ రాయండి.