ఆ సూది అంత లావెందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. తోడు పోయినప్పుడల్లా ‘నాయనమ్మకు అంత లావు సూది ఎందుకు, సన్నది చేయరాదా’ అని అడుగుతది. నీట్ వద్దు, ఇట్లాంటి సూదులు, గొట్టాలు తయారుచేసే చదువే చదువుతానంటున్నది. అట్లాంటి చదువుందా? నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేయమని చుట్టాలంటున్నారు.

జవాబు: ఉంది, దాని పేరు బయోమెడికల్ ఇంజినీరింగ్. ఇష్టం లేని లాంగ్ టర్మ్‌కు మాత్రం పంపకండి.

ముందు మీ బిడ్డ ప్రశ్న సంగతి. డయాలసిస్‌లో నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం బయటికొచ్చి, శుభ్రపడి, మళ్లీ లోపలికి పోవాలి. సూది లోపలి వ్యాసం సగం చేస్తే, అదే ఒత్తిడికి వచ్చే రక్తం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. పంపుతో బలవంతంగా లాగితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. అందుకే 16 గేజ్ (సూది లావు కొలత), అంటే బయటి వ్యాసం సుమారు 1.6 మిల్లీమీటర్లున్న సూది వాడాల్సివస్తుంది. ఇన్సులిన్‌కు వాడే 31 గేజ్ సూది పావు మిల్లీమీటరే. ఇందులో అంకె పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది.

మరి డిజైనర్ చేసేదేముంది? చాలా ఉంది. సూది గోడను పలచన చేస్తే లోపలి దారి తగ్గకుండానే బయటి లావు తగ్గుతుంది. మొనను చెక్కే కోణం మార్చవచ్చు, చర్మంలోకి జారేలా సిలికాన్ పూత వేయవచ్చు. రక్తం లాగే సూదికి మొన వెనక చిన్న రంధ్రం కూడా పెడతారు. మొన రక్తనాళం గోడకు అతుక్కున్నా రక్తం ఆగకూడదని. గుండె పరీక్షకు మణికట్టు నుంచి పంపే కెథెటర్, అంటే సన్నటి గొట్టం, ఇంకా కష్టమైన పని. దాని లావును ‘ఫ్రెంచ్’ అనే కొలతలో చెబుతారు, 6 ఫ్రెంచ్ సైజు అంటే రెండే మిల్లీమీటర్లు. బయట తిప్పితే లోపల మొన తిరగాలి, అయినా మొన మెత్తగా ఉండాలి. అందుకని ప్లాస్టిక్ పొరల మధ్య సన్నటి స్టీలు తీగను జడలా అల్లుతారు.

ఇవన్నీ ఎక్కడో విదేశాల్లోనే జరిగేవని అనుకోకండి. 1990లలో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) తయారుచేసింది హైదరాబాద్‌లోనే. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కే ఉంది.

దారి ఏమిటంటే, ఎప్‌సెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ సీట్లు ఉంటాయి. ఎక్కువ ఉండవు, కాబట్టి ఆప్షన్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి. అసలు ఇబ్బంది లెక్కలతో. బైపీసీ పిల్లలు మొదటి ఏడాది అక్కడే తడబడతారు. పరీక్షలు కాగానే ఎంపీసీ లెక్కల పుస్తకం పట్టించండి. తర్వాత ఎంటెక్‌కు కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఉంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బయోమెడికల్ చదివినవాళ్లలో కొందరు ఆసుపత్రి యంత్రాల రిపేరు దగ్గరో, అమ్మకాల దగ్గరో ఆగిపోతారు. అవీ గౌరవమైన పనులే, కానీ మీ బిడ్డ కోరుకున్నవి కావు. డిజైన్ వైపు పోవాలంటే చదువుతున్నప్పుడే క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం), ప్లాస్టిక్‌ల స్వభావం నేర్చుకోవాలి, వర్క్‌షాపులో చెయ్యి తిరగాలి. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఇలాంటి శిక్షణకు మంచి చోటు.

వచ్చే డయాలసిస్ రోజు ఒక నోటుబుక్కు ఇచ్చి పంపండి. సిస్టర్‌ను అడిగి, వాడని సూదిని ప్యాకెట్‌లోనే చూడమనండి, ఆ వెనక రంధ్రం కనిపిస్తుందేమో. టేపు ఎక్కడ వేస్తున్నారు, ఎన్నిసార్లు సరిచేస్తున్నారు, నాయనమ్మకు ఏ క్షణంలో నొప్పి పుడుతోంది, అన్నీ రాసుకోమనండి.