జాబ్ మానేసి ఇన్‌స్టాలో చీరలు అమ్ముతానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్, నాలుగున్నరేళ్ళయింది, నెలకి 58 వేలు చేతికొస్తుంది. ఏడాది నుంచి ఇన్‌స్టాలో మంగళగిరి చీరలు అమ్ముతోంది, నెలకి లక్ష సేల్ అవుతోంది, ఇక రిజైన్ చేసేస్తా అంటోంది. వాళ్ళ నాన్నగారు తనతో మాట్లాడటం మానేశారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆ పిల్లతో మాట్లాడమనండి. ఏడాదిపాటు జాబ్ చేసుకుంటూనే నెలకి లక్ష రూపాయల సరుకు అమ్మిందంటే అది మామూలు విషయం కాదు, చాలామంది పది పోస్టులు పెట్టి వదిలేస్తారు. ఇంకోటి, ఉద్యోగం అంటే భద్రత అని మన తరం గట్టిగా నమ్మింది గానీ 2025 జులైలో టీసీఎస్ అంతటి కంపెనీయే 12 వేల మందికి పైగా తీసేస్తున్నామని చెప్పాక పిల్లలకి ఆ నమ్మకం ఎలా ఉంటుంది చెప్పండి, వాళ్ళ భయమూ నిజమే.

కానీ ఒక లెక్క వెయ్యాలి. లక్ష సేల్ అంటే లక్ష ఆదాయం కాదు. చీర 2,000 అనుకుందాం, నెలకి 50 చీరలు. నేతగాళ్ళ దగ్గర కొన్నది 1,450 అయితే చీరకి మిగిలేది 550, అంటే మొత్తం 27,500. ఫ్రీ షిప్పింగ్ అని పెడతారు కదా, కొరియరూ ప్యాకింగూ కలిపి చీరకి 120 వేసుకున్నా 6,000 పోయింది, యాడ్స్‌కి ఇంకో 5,000. మిగిలింది 16,500. ఇది ఒక్క చీర కూడా వెనక్కి రాకపోతే. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే పార్సిల్ ఇంటికెళ్ళాక "ఇప్పుడు వద్దులెండి" అనేవాళ్ళు ఖచ్చితంగా ఉంటారు, అప్పుడు రానూపోనూ కొరియర్ ఛార్జీ మన నెత్తినే. ఫోటోలో రంగు వేరుగా ఉందని గొడవ, అందుకే అందరూ పార్సిల్ విప్పేటప్పటి ఓపెనింగ్ వీడియో తప్పనిసరి అని రాసుకుంటారు. అమ్ముడుపోని రంగులు బీరువాలో ఉండిపోతాయి, అదీ మన డబ్బే. మీ అమ్మాయి అంకెలు వేరే ఉండొచ్చు, నావి ఊహించి వేసినవే, కానీ ఈ కాలమ్స్ అన్నీ నింపాక ఎంత మిగులుతోందో తను చెప్పగలగాలి.

రెండోది, జీతంతో పాటు కనపడకుండా వచ్చేవి కొన్నుంటాయి. ఐదేళ్ళు పూర్తయితే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ డబ్బు వస్తుంది, బేసిక్ 30 వేలు ఉంటే సుమారు 86 వేలు, పైన వేసిన లెక్కలో చూస్తే ఐదు నెలల చీరల లాభం అది! నాలుగున్నర దగ్గర ఎందుకు వదులుకోవడం, నోటీసు పీరియడ్‌తో కలిపి ఐదేళ్ళు దాటేలా పేపర్ పెట్టమనండి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీ ఇద్దరి పేర్లు ఉంటే అది లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి కొత్త పాలసీలో ఆ జబ్బులకి క్లెయిమ్ ఇవ్వడానికి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెడుతున్నారు, కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే, జాబ్‌లో ఉండగానే తీసుకోవాలి. హోమ్ లోన్ ఆలోచన ఏమైనా ఉంటే అదీ ముందే తేల్చుకోండి, వ్యాపారం అనగానే బ్యాంకు వాళ్ళు రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు అడుగుతారు.

ఆఫర్ లెటర్ కూడా ఒకసారి తీసి చదవమనండి. వేరే వ్యాపారం చెయ్యకూడదనే క్లాజ్ చాలా కంపెనీల్లో ఉంటుంది. 2022లో విప్రో పోటీ కంపెనీలకి పనిచేశారని 300 మందిని తీసేసింది, చీరలది ఆ కేసు కాదు నిజమే, అయినా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి పర్మిషన్ తీసుకుంటే మంచిది.

జీఎస్టీ గురించి ఎవరూ చెప్పరు గానీ హైదరాబాద్ నుంచి తెనాలికి చీర పంపినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, అలాంటప్పుడు సేల్ తక్కువున్నా మామూలుగా రిజిస్ట్రేషన్ అడుగుతారు, చేనేతకి కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది, ఆడిటర్‌ని కూర్చోబెట్టుకుని అడగాలి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇప్పుడే మానెయ్యొద్దు, ఈ ఆలోచనా మానుకోవద్దు. వెనక్కొచ్చిన చీరలు, పాత స్టాక్ అన్నీ పోను వరసగా ఆరు నెలలు జీతంలో కనీసం సగం మిగిలితే, ఏడాది ఖర్చులు విడిగా బ్యాంకులో ఉంటే, అప్పుడు రిజైన్ చెయ్యనివ్వండి. ఆ పక్కన పెట్టే డబ్బుల్లో పీఎఫ్ కలపొద్దు, దాన్ని స్టాక్‌లో అస్సలు పెట్టొద్దు. దసరా, దీపావళి, పెళ్ళిళ్ళ సీజన్ సేల్ చూసి మురిసిపోకుండా ఆషాఢం నెల ఎలా గడిచిందో చూడమనండి.

సంబంధాలు రావేమో అని మీవారి బెంగ అయి ఉంటుంది, అది వేరే కూర్చుని మాట్లాడుకుందాం. ముందు ఆ ఆరు నెలల లెక్క ఎక్సెల్‌లో వేయించి పంపండి, వెనక్కొచ్చిన చీరల కాలమ్ మాత్రం ఖాళీగా వదలొద్దని చెప్పండి, చూసి మీతో, తనతో కూడా మాట్లాడతాను.