టీమ్ పగ్గాలు అందుకున్న అమ్మాయికి

అమ్మా,

టీమ్ లీడర్‌వి అయ్యాక ప్రతి నిర్ణయం దగ్గరా టెన్షన్ పడుతున్నానని రాశావు. ఒత్తిడిలో బుర్ర పనిచేయకపోవడం ఎవరికైనా ఉండేదే. అందుకే ఒత్తిడి రాకముందే సగం నిర్ణయం తీసుకుని పెట్టుకోవాలి. నాకు ఈ సంగతి ఆటల కోచ్‌లను గమనించాకే బాగా అర్థమైంది.

2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో నెదర్లాండ్స్, కోస్టారికా అదనపు సమయంలో కూడా గోల్ కొట్టలేదు. ఇక పెనాల్టీలే అనగా, నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ అప్పటిదాకా ఆడిన గోల్‌కీపర్ సిలెసెన్‌ని బయటికి పిలిచి టిమ్ క్రూల్‌ని దింపాడు. చూసేవాళ్లు నివ్వెరపోయారు. కానీ అది అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు. క్రూల్ పొడగరి, చేతులు దూరం దాకా అందుతాయి. అతనికి ముందే చెప్పి ఉంచారు. అప్పట్లో ఒక మ్యాచ్‌లో ముగ్గురు ఆటగాళ్లనే మార్చుకునే వీలుండేది, అందులో ఒక మార్పును దానికోసమే మిగుల్చుకున్నారు. క్రూల్ రెండు పెనాల్టీలు ఆపాడు, 4-3తో గెలిచారు.

నాలుగు రోజులకే సెమీఫైనల్‌లో అర్జెంటీనాతోనూ పెనాల్టీలు వచ్చాయి. ఈసారి మూడు మార్పులూ అప్పటికే అయిపోయాయి. క్రూల్ బెంచీ మీదే ఉండిపోయాడు, 4-2తో ఓడిపోయారు. నాకు ఈ రెండో మ్యాచే ముఖ్యం. ఉపాయం ఎంత మంచిదైనా, వాడుకునే వీలు చివరిదాకా మిగలాలి కదా. అలాగని ఆ మార్పులు తప్పని అనను. ఆ నిమిషంలో కోచ్‌కి తెలిసినదాన్ని బట్టే వాటిని తూచాలి, ఓడిపోయారు కాబట్టి తప్పు అనేయడం అన్యాయం. నువ్వు కూడా పెద్ద నిర్ణయం తీసుకున్నరోజే కారణాలు రెండు మూడు వాక్యాల్లో రాసిపెట్టుకో. ఆర్నెల్ల తర్వాత చదివితే నీ ఆలోచన బాగుందా, అదృష్టం కలిసొచ్చిందా అన్నది తెలుస్తుంది.

వాన్ హాల్ చేసినదాంట్లో నువ్వు అనుసరించకూడనిది ఒకటుంది. మనసు చెదురుతుందని సిలెసెన్‌కి ముందుగా చెప్పలేదు. ఆటలో అది చెల్లిందేమో. ఆఫీసులో మాత్రం నువ్వు పక్కనపెట్టిన మనిషే మర్నాడు నీ ఎదురుగా కూర్చుంటాడు.

ఆస్ట్రేలియాతో 2001 కోల్‌కతా క్రికెట్ టెస్టు నీకు తెలిసిందే. ఫాలోఆన్‌లో, అంటే బాగా వెనకబడి వెంటనే రెండోసారి బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చినప్పుడు, లక్ష్మణ్‌ని మూడో స్థానానికి పంపి, ద్రావిడ్‌ని ఆరుకి దించారు. మొదటి ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ ఎంత బాగా ఆడుతున్నాడో చూసి చేసిన మార్పది. అతను 281 కొట్టాడు, సరే. కిందికి దిగిన ద్రావిడ్ 180 కొట్టడమే నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. స్థానం మారినా తన అవసరం తగ్గలేదని నమ్మిన మనిషే అలా ఆడగలడు. నీ టీమ్‌లో కూడా ఆ నమ్మకం ఉండాలంటే అది నీ నోటి నుంచే రావాలి.

పనులు మళ్లీ పంచబోతున్నానన్నావు కదా. జాబితా అందరికీ పంపేముందు, బాధ్యత తగ్గుతున్న ఇద్దరినీ విడివిడిగా పిలిచి కారణం చెప్పు. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే, జాబితా ఇంకో రెండు రోజులు ఆపు.

మీ పెదనాన్న