డోర్నకల్ అంత చిన్న ఊరు, అంత పెద్ద జంక్షన్ ఎలా అయింది?

ఊరు చిన్నదే అయినా రైళ్లు అక్కడ ఎందుకు ఆగుతాయి, దిగితే చూడటానికి ఏమైనా ఉందా అని అడిగారు. మా మేనమామ కొత్తగూడెం గనుల్లో పనిచేసేవారు. అందుకే చిన్నప్పటి సెలవుల ప్రయాణాల్లో సగం డోర్నకల్ ప్లాట్‌ఫారం మీదే గడిచిపోయేవి.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్కటే: బొగ్గు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించారు. అక్కడి ఒక పొరకు కింగ్ సీమ్ అని ఆయన పేరే పెట్టారు. తవ్వకం మొదలైంది మాత్రం 1889లో. నిజాం రైలు మార్గం వరంగల్ దాటి బెజవాడ చేరిందీ ఆ ఏడాదే. ఈ రెండూ విడివిడి విషయాలని నేను అనుకోను. ఆవిరి ఇంజన్లకు బొగ్గు కావాలి, బొగ్గు బయటికి పోవాలంటే రైలు కావాలి. గనులేమో ప్రధాన మార్గానికి దూరంగా తూర్పున ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన శాఖా మార్గం ప్రధాన మార్గంలో కలిసిన చోటు డోర్నకల్. ఇల్లందును మా అత్తయ్య వాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు.

విజయవాడ వైపు నుంచి కొత్తగూడెం వెళ్లే రైలుకు ఇక్కడ దిశ మారుతుంది. ముందున్న ఇంజను విప్పి వెనక తగిలించేవారు. అది అయ్యేలోపు పెద్దవాళ్లు టీ కోసం దిగేవారు, పిల్లలం ఇంజను చూడటానికి పరిగెత్తేవాళ్లం. కాజీపేట వైపు నుంచి వచ్చేవారికి ఈ బాధ లేదు, నేరుగా వెళ్లిపోతారు.

ఇక చూడదగినది తప్పకుండా ఉంది. ఎపిఫనీ కెథడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి. రైలు దిగి ఎక్కేవాళ్లలో ఎక్కువమంది దాన్ని చూడకుండానే వెళ్లిపోవడం నాకు ఆశ్చర్యం. దాన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరులో ఆంగ్లికన్ చర్చికి, అంటే ఇంగ్లండు క్రైస్తవ శాఖకు, తొలి భారతీయ బిషప్ అయ్యారు. బ్రిటిష్ పాలన నడుస్తున్న రోజుల్లో ఆ పదవి మద్రాసుకో కలకత్తాకో కాక ఈ జంక్షన్ ఊరికి దక్కింది! 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడంలో మసీదు గుమ్మటాలు, దక్షిణాది గుడి మండపాల స్తంభాలు కలిసి కనిపిస్తాయి. ఇంగ్లండు చర్చిలా కట్టకూడదన్నది ఆయన పట్టుదల. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

మీరు ఆ దారిన భద్రాచలం కూడా వెళ్లేటట్లయితే ఒక మాట. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి అక్కడి నుంచి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. రాత్రి రైలుకు దిగితే బస్సు సంగతి ముందే కనుక్కోండి.