ఆసు మిషన్ ఇంటికొచ్చే ముందు

సుజాత బిడ్డకు, పెద్దమ్మ దీవెనలు.

రంగు అద్దే ముందు పట్టు పోగును మేకుల చుట్టూ తిప్పి పోసే ఆసు పనికి మిషన్ తెస్తున్నామన్నావు, మంచి మాట. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పితే భుజం ఏమవుతుందో మీ అత్తమ్మను చూస్తున్నావుగా. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తల్లి బాధ చూడలేకనే 1999లో ఈ మిషన్ నిలబెట్టి, ఆమె పేరే పెట్టిండు. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోతది.

మొదటి ఆసు సన్న డిజైనుకు పొయ్యకు, పెద్ద పువ్వుకు పొయ్యి. చూసుకోవాల్సింది పోగు బిగువు. వదులైతే చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట పోగుల్ని చుట్టి కట్టేటప్పుడు, పోగులు జారి, రంగు అంచు చెదిరి, మగ్గం మీద పువ్వు మసక పడతది. బిగువెక్కువైతే పట్టు తెగుతది. మొదటి మేకు దగ్గర, నడుమ, చివరన పోగుల్ని వేలితో నొక్కు, మూడు చోట్లా ఒకేలా లొంగాలి. ఆ నొక్కి చూసే పని అత్తమ్మకే అప్పజెప్పు. ఆమె వేలికి తెలిసిన బిగువు మిషన్‌కు తెలియదు, పైగా "ఇక నా పని లేదు" అన్న దిగులు ఆమెకు రాకూడదు. పోగు తెగినా, కరెంటు పోయినా ఏ మేకు దగ్గర ఆగిందో పలక మీద రాసుకో. ఆసు తీసే ముందు పోగులు లెక్కబెట్టు. చిటికి కట్టినంక తప్పు బయటపడితే రంగు, పట్టు రెండూ పోతయి.

కూలి సంగతి మిషన్ రాకముందే తేల్చుకో. "ఆసు కష్టం తప్పింది కదా" అని పట్టు ఇచ్చి నేయించుకునే సేటు మజూరీ కోస్తనంటడు, ఒప్పుకోకు. ఆసు కూలి చీర లెక్కనే ఉండాలి, గంటల లెక్కన కాదు. కరెంటు, రిపేరు, అప్పు కిస్తీ ఇప్పుడు మీ నెత్తినే. మాట కాగితం మీద పెట్టించు. వాడకట్టు వాళ్లకు ఆసు పోసిచ్చినా చీరకింతనే తీసుకో. మీదానితో కలిపి రోజుకు నాలుగు ఆసులు దాటనీయకు, అవే ఆరు గంటలు. మిగిలిన పొద్దు నీది.

మిషన్ పెడితే చేనేత కాకుండా పోతదని ఎవరన్నా భయపెడితే వినకు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం చూసేది మగ్గాన్నే. పవర్‌లూమ్ కాని మగ్గం మీద నేసింది చేనేతనే.

పాత ఆసును పొయ్యిలో పెట్టకు, గోడకు ఆనించి ఉంచు. కరెంటు లేని నాడు అక్కరకొస్తది.

మీ పెద్దమ్మ