దోసె చెయ్యి కాసేపు పక్కన పెట్టండి

కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేవి మామూలుగా మూడే సందేహాలు. సోషల్ సెక్యూరిటీ కార్డు ఎప్పుడొస్తుంది, కారు కొత్తది కొనాలా పాతదా, మంచి కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది. పోయిన నెల మా కాంప్లెక్సులో దిగిన కాకినాడ అమ్మాయి మాత్రం నాలుగోది అడిగింది. "ఆంటీ, ఆఫీసు పక్కన వియత్నాం హోటల్లో తెల్లగా, జారిపోయేలా ఒకటి పెడుతున్నారు. ఇడ్లీకీ పూతరేకుకీ పుట్టినట్టుంది. అది ఇంట్లో చేసుకోవచ్చా? దానికి స్టీమర్ కొనాలా?"

చేసుకోవచ్చు. స్టీమర్ అక్కర్లేదు. దాని పేరు బాన్ కువోన్. పిండితో చేసే రకరకాల వంటకాలను వాళ్లు బాన్ అంటారు, కువోన్ అంటే చుట్టడం. అంటే బియ్యప్పిండి చుట్ట. మా తాతగారు కాల్చే చుట్టకి దీనికీ పోలిక ఆకారంలోనే.

ఈ ఊళ్లో వియత్నాం మూలాలున్నవాళ్లు లక్షకు పైనే. 1975లో యుద్ధం ఓడి, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక మొదలైన రాక అది. వియత్నాం దాటితే ఏ ఒక్క నగరంలోనూ వాళ్లు ఇంతమంది లేరంటారు. కాబట్టి సరుకుల గురించి టెన్షన్ పడక్కర్లేదు, స్టోరీ రోడ్డు వైపు వెళ్తే ఒక్క కొట్లోనే అన్నీ దొరుకుతాయి. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకి ఏ ఆసియా కొట్టయినా సరిపోతుంది.

అసలు కిటుకు మనకు తెలిసిందే. ఆవిరి కుడుము ఎలా చేస్తారో గుర్తుందా? గిన్నెలో నీళ్లు పోసి, మూతికి వాసెన కట్టి, ఆ గుడ్డ మీద మినప్పిండి వేసి మూత పెడతాం. వాళ్లూ అంతే. గుడ్డ మీద వేసేది మందమైన మినప్పిండి కాదు, పాలలాంటి బియ్యప్పిండి, అదే తేడా. ఒక పలుచని పొర పరిచి, అర నిమిషం మూత పెట్టి, సన్నటి వెదురు బద్దతో గుడ్డ మీంచి లేపేస్తారు. హనోయ్ దగ్గరి థాన్ చీలో ఈ రేకులు ఎంత పల్చగా తీస్తారంటే, లోపల ఏ కూరా పెట్టరు. నూనె రాసి, వేయించిన ఉల్లిపాయ తరుగు అంటించి, మడత మీద మడతగా పేర్చి అమ్ముతారు. పైన కావ్ బాంగ్ వైపు కొండల్లో అయితే ఎముకల రసంలో ముంచుకుని తింటారు. మనకు అమెరికా హోటళ్లలో ఎక్కువగా కనిపించేది లోపల పంది కైమా పెట్టి చుట్టిన రకం.

మనవాళ్లకు ఎక్కడ చెడుతుందంటే, మొట్టమొదట పిండి దగ్గర. ఇండియన్ స్టోర్ బియ్యప్పిండి పొడిగా మరపట్టింది. జంతికలకి బాగుంటుంది, దీనికి పనికిరాదు. రేకు గరుగ్గా వచ్చి, చుట్టేటప్పుడు పగుళ్లిస్తుంది. థాయ్‌లాండ్ పిండి తీసుకోండి. అది నానబెట్టి రుబ్బి ఆరబెట్టిన పిండి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. మూడు తలల ఏనుగు బొమ్మతో ఎరావాన్ అని వస్తుంది చూడండి, ఎరావాన్ అంటే మన ఐరావతమే. ఎర్ర అక్షరాల ప్యాకెట్ మామూలు బియ్యం, ఆకుపచ్చ అక్షరాలది జిగురు బియ్యం. మీకు కావలసింది ఎర్రది. తొందరలో ఆకుపచ్చది తెచ్చి నేనొక ఆదివారమంతా బంక పీక్కుంటూ కూర్చున్నాను.

దీనికి తోడు టాపియోకా పిండి. పేరు చూసి కంగారు పడకండి, కర్రపెండలం పిండే. సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం చేసేది దీంతోనే. రేకుకి సాగే గుణం, ఆ మెరుపు దీనివల్లే వస్తాయి. ఇది మానేస్తే రేకు విరుగుతుంది, ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది. అమెరికన్ కొలత కప్పుతో బియ్యప్పిండి ఒక కప్పు, టాపియోకా అర కప్పు, నీళ్లు మూడు కప్పులు, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె. పదిహేను దాకా వస్తాయి.

కలిపిన వెంటనే మొదలుపెట్టకండి. కనీసం గంట ఆగాలి. తీరికుంటే నూనె వెయ్యకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి పిండి అడుగుకి దిగి పైన తేట తేరుతుంది. ఆ తేట నెమ్మదిగా వంచేసి, ఎన్ని నీళ్లు పోయాయో కొలిచి, అన్నే కొత్త నీళ్లు పోయండి. ప్యాకెట్ పిండికుండే పాత వాసన దాంతో పోతుంది. ఇది నాకు చెప్పింది పక్కింటి వియత్నాం మామ్మగారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ల భాష రాదు. ఇద్దరం గిన్నె చూపించుకుంటూ మాట్లాడుకున్నాం. నేను తీసిన రేకుని ఆవిడ అరచేతి మీద పరుచుకుని, కిందనున్న చేతి గీతలు కనపడటం లేదని తల అడ్డంగా ఊపింది. ఇంకో అర కప్పు నీళ్లు పోయించింది. ఈసారి గీతలు కనిపించాయి.

ఇక గుడ్డ. పాత పంచె ముక్కయితే శ్రేష్ఠం. పాలిస్టర్ కలిసింది వద్దు. డ్రయర్‌లో సువాసన షీటు వేసి ఆరబెట్టిన గుడ్డ అసలే వద్దు. నా మొదటి వాయి అంతా లావెండర్ వాసనే, మా వారు తింటూ సబ్బు అడిగారు. గుడ్డని ఉత్త నీళ్లలో మరిగించి, గిన్నె మూతికి డోలు చర్మంలా బిగించి కట్టండి. వదులైతే పిండి మధ్యకి చేరి ఇడ్లీ అవుతుంది. అంచు దగ్గర చిన్న కంత వదిలితే నీళ్లు తగ్గినప్పుడు పోసుకోవచ్చు. వెదురు బద్ద లేకపోతే కొత్త చెక్క స్కేలుకి నూనె రాసి వాడండి. నేను ఇప్పటికీ అదే వాడుతున్నాను, మా వాడికి ఇంకోటి కొనిచ్చాను.

ఇంత హడావుడి వద్దనుకునేవాళ్లకి నాన్‌స్టిక్ పెనం ఉంది. ఎనిమిదంగుళాలది, సరైన మూతతో. అసలు దోసె చెయ్యి అడ్డమొచ్చేది ఇక్కడే. గరిటెతో తిప్పకూడదు. పెనానికి నూనె తుడిచి, మధ్యస్థం మంట మీద పావు కప్పు పిండి పోసి, పెనాన్నే చేత్తో గుండ్రంగా వంచి తిప్పాలి. మూత పెట్టి నిమిషం లోపు తియ్యాలి. రేకు బుడగలా పైకి ఉబ్బితే అయినట్టే. ఎర్రబడాలని చూడకండి, తిరగెయ్యకండి. నూనె రాసిన పళ్లెం మీద పెనాన్ని ఒక్కసారిగా బోర్లించండి, దానంతటదే జారి పడుతుంది. మూతకి కూడా గుడ్డ చుట్టండి, లేకపోతే ఆవిరి చుక్కలు పడి రేకుకి చిల్లులు పడతాయి. ప్రతిసారీ పిండిని అడుగునుంచి కలిపి పోయాలి. ఇది మర్చిపోతే మొదటి అయిదూ నీళ్ల రేకులు, చివరి అయిదూ దిబ్బరొట్టెలు. ఎలక్ట్రిక్ పొయ్యి అలవాటయ్యేదాకా మొదటి మూడు పోతాయి, వాటిని లెక్కలో వెయ్యకండి.

లోపల పెట్టేది మీ ఇష్టం. పంది మాంసం తిననివాళ్లు చికెన్ కైమా వేసుకోవచ్చు. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, మిరియాల పొడి, ఉప్పు, నల్ల పుట్టగొడుగు. ఈ పుట్టగొడుగు చెవిలా ఉంటుంది, ఎండువి కొనాలి. గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు వేస్తే గుప్పెడు కాస్తా గిన్నె నిండుతుంది, కాబట్టి కొంచెమే నానబెట్టండి. మొదట్లో ఉండే గట్టి ముడి కోసి పారెయ్యాలి. ప్యాకెట్ మీద బ్లాక్ ఫంగస్ అని రాసుంటుంది. 2021లో వీడియో కాల్‌లో అది చూసి మా అమ్మ గుండెలు బాదుకుంది, అక్కడ కోవిడ్ తర్వాత వచ్చే ఆ జబ్బు భయంతో ఉన్న రోజులవి. దానికీ దీనికీ సంబంధం లేదు. కూర పూర్తిగా పొడిపొడిగా వేగి, చల్లారాకే పెట్టండి. రేకుకి ఒక్క చెంచా చాలు. పూర్ణంలా కూరితే చినుగుతుంది.

పైన చల్లడానికి ఉల్లిపాయలు వేయించేటప్పుడు కిటికీ తీసి, పొగ అలారం ఎక్కడుందో ముందే చూసుకోండి. అద్దె ఇళ్లలో పొయ్యి పైనున్న ఫ్యాన్ చాలాచోట్ల పొగని మళ్లీ మన మొహానికే కొడుతుంది.

చట్నీ లేదు, ముంచుకునే పులుసు ఉంది. అందులో చేపల సాస్ ఒక వంతు, పంచదార ఒకటి, నిమ్మరసం ఒకటి, గోరువెచ్చటి నీళ్లు అయిదు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి. ఆ సాస్ అంటే నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ఉప్పేసి ఏడాది దాకా ఊరబెట్టి దించిన రసం. సీసా మూత తియ్యగానే భయపడిపోతారు, నిమ్మరసం పడ్డాక ఆ వాసన అణిగిపోతుంది. ఎండు చేపలు ఎరిగిన కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రేకుల్లో ఉప్పు తక్కువ, కాబట్టి మొహమాటపడకుండా గిన్నె నిండా పోసుకోండి.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్త. లోపల కూరగాయలే పెట్టినా హోటల్లో ఇచ్చే పులుసులో చేప ఉంటుంది. చయ్ అన్న మాట నేర్చుకోండి. మన టీ కాదు, వాళ్ల భాషలో శాకాహారమని. చాంద్రమానంలో నెల మొదటి రోజూ, పున్నమి రోజూ చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు, కాబట్టి చయ్ హోటళ్లకి కొదవలేదు. ఇంట్లో అయితే గట్టి టోఫూ, అంటే సోయా పనీర్, చిదిమి, క్యారెట్ తురుము, పుట్టగొడుగు వేసి వేయించండి. పులుసులో సోయా సాస్ వెయ్యండి. మా ఇంట్లో ఒకరు కారప్పొడీ నెయ్యీ అద్దుకుంటారు. ఎవరని అడగొద్దు.

ఫ్రిజ్‌లో పెడితే రేకులు చద్దన్నంలా బిరుసెక్కుతాయి. తడి గుడ్డ కప్పి మైక్రోవేవ్‌లో నిమిషం పెడితే కొంత కోలుకుంటాయి, ఏ పూటకాపూట చేసుకోవడమే మేలు.

మిగిలిన పిండి మాత్రం సింకులో పొయ్యకండి. నేను పోశాను. పైనుంచి వేడి నీళ్లు కూడా వదిలాను, శుభ్రంగా పోతుందని. పైపులోనే ఉడికి బంకయింది. అద్దె ఆఫీసు నుంచి వచ్చిన మెయింటెనెన్స్ అబ్బాయి పైపు విప్పి, మూరెడు తెల్లటి తాడు బయటికి లాగి, దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. గోడలకి రంగులు వేస్తున్నారా అని అడిగాడు.